పాత కారు రిమ్ముతో గోడ గడియారం: కొయ్యాలా వద్దా, ముల్లు ఎంత పొడుగు, గోడ ఆగుతుందా

గుణుపురం కొత్తబండి

అందరికీ నమస్కారం. మారుతి 800 ఇనుప రిమ్ము ఒకటి (12 అంగుళాలు, నాలుగు బోల్టు రంధ్రాలు), 14 అంగుళాల అల్లాయ్ ఒకటి ఉన్నాయి. ఒకదాన్ని హాల్లో గడియారం చెయ్యాలి. గోడ ఫ్లై యాష్ ఇటుక, పైన సిమెంటు ప్లాస్టరు. నాలుగంగుళాల గ్రైండరు, డ్రిల్లు ఉన్నాయి. వెల్డింగు లేదు. వీడియోల్లో అందరూ చక్రం మధ్యలో గడియారం మెషిను అంటించేసి చేతులు దులుపుకుంటున్నారు. గోడకి బిగించాక సెల్లు ఎలా మార్చాలో ఒక్కరూ చూపించడం లేదు. ఏ రిమ్ము తీసుకోవాలి, ఎక్కడ మొదలెట్టాలి?

గుజిరీ గురువు (రాయగడ)

మొదటిసారి ఇనుపదే తీసుకో తమ్ముడూ. అల్లాయ్ కొయ్యడంలో, రంగు వెయ్యడంలో వేరే తలనొప్పులున్నాయి. వాటి సంగతి గ్రైండర్ బావ చెబుతాడు.

గుజిరీలో రిమ్ము ఎంచేటప్పుడు గచ్చు మీద బోర్లా పెట్టి నాలుగు వైపులా నొక్కి చూడాలి. రెండు మూడు మిల్లీలు ఊగినా ఫర్వాలేదు, అంతకు మించి ఊగితే అంచు వంగిపోయిందన్న మాట. గడియారం కాబట్టి రోడ్డు మీద తిరగక్కర్లేదు గానీ, వంకర అంచు మీద అంకెలు పెడితే దూరం నుంచి ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత స్క్రూడ్రైవరు మొనతో లోపలి గాడి చుట్టూ పొడిచి చూడు. పైన పొట్టులా రాలే తుప్పు భయపెట్టదు, మొన దిగబడే తుప్పుంటే వదిలేయ్.

టైరు ఇంకా ఉంటే ముందు వాల్వులోని పిన్ను విప్పి గాలంతా తీసి, పంక్చర్ కొట్లో విప్పించు. టైరు ఉన్న రిమ్ముకి గ్యాసు మంట గానీ వెల్డింగు గానీ తగలకూడదు, గాలి తీసేసినా సరే. లోపల రబ్బరు వేడెక్కి ఆవిరౌతుంది, ఆ ఆవిరి అంటుకుందంటే టైరు బాంబులాగే పేలుతుంది. పాత బోల్టు పట్టేసిందని మంట పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకోటి. అంచుకి కొట్టిన బ్యాలెన్సింగు ముక్కలు పాత చక్రాలకి ఎక్కువగా సీసంవే ఉంటాయి. పట్టకారుతో లాగి తీసెయ్యి. వాటి మీద గ్రైండరు పెట్టావంటే సీసం ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, పాకే పిల్లలుంటే మరీ ప్రమాదం.

గ్రైండర్ బావ (జయపురం)

ఇనుప రిమ్ము అంటే రెండు ముక్కలు. చుట్టూ ఉన్న గాడి పట్టీ ఒకటి, మధ్యలో నొక్కిన డిస్కు ఒకటి. గాడి లోపలి వైపు రెండిటికీ వెల్డు ఉంటుంది. కొయ్యాలనుకుంటే ఆ వెల్డు కనపడే చోటు నుంచి వెనక్కి 15 మిల్లీలు వదిలి గీత గియ్యాలి. వెల్డు మీదే కోశావంటే డిస్కు ఊడి చేతికొస్తుంది.

గీత తిన్నగా రావడానికి కిటుకు: రిమ్ము ముఖం కిందకి పెట్టి, సరిపడా ఎత్తున్న చెక్క ముక్క మీద మార్కరు అడ్డంగా పడుకోబెట్టి చేత్తో నొక్కి, రిమ్మునే చుట్టూ తిప్పు. టేపుతో కొలిచి చుక్కలు పెట్టి కలిపితే మొదలూ చివరా ఎప్పుడూ కలవవు.

గ్రైండరుకి కోత డిస్కు 1 లేదా 1.2 మిల్లీలది వాడు, లావుది వద్దు. ముందు చుట్టూ పల్చగా ఒక గాడి తీసుకుని, రెండో చుట్టులో తెగేదాకా దింపు. కానీ నాలుగు చోట్ల రెండేసి సెంటీమీటర్లు తెగకుండా వదిలెయ్. ఆఖరున వాటిని కొయ్యి. ముందే అంతా తెగితే పట్టీ వాలి డిస్కుని నొక్కుతుంది, డిస్కు పగిలి ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. గార్డు తీసేసి కోసేవాళ్లతో నాకు మాట్లాడ్డానికి ఏం లేదు. పక్కన బండి అద్దం ఉంటే గోనె కప్పు. నిప్పురవ్వలు అద్దంలో పాతుకుపోయి చుక్కలు పడతాయి, అవి ఇంక పోవు.

అల్లాయ్ సంగతి: అల్యూమినియం మెత్తన. మామూలు డిస్కు రేణువుల మధ్య కరిగి పట్టేస్తుంది, డిస్కు వేడెక్కుతుంది, కొయ్యదు, రుద్దుతుంది. నువ్వు ఇంకా నొక్కుతావు, అది పగులుతుంది. అల్యూమినియానికని రాసున్న డిస్కే కొనాలి. లేదంటే జిగ్‌సా బ్లేడుకి కొవ్వొత్తి రుద్దుతూ నెమ్మదిగా కోసుకోవాలి. ఇనుప తుప్పు పొడీ అల్యూమినియం పొడీ ఒకే చోట కుప్పగా పడనివ్వొద్దు. ఆ రెండూ కలిసి అంటుకుంటే రైలు పట్టాలు అతికే మందు అదే. నీళ్లు పోసినా ఆరదు.

ధర్మాబాద్ దోస్తు

బావా, గింత కష్టమెందుకు? అసలు కొయ్యుడే అవసరం లేదు. 12 ఇంచుల రిమ్ము వెడల్పు నాలుగించులే ఉంటది. వెనక అంచు లోపలి వైపే కొక్కెం లెక్క పనిజేస్తది. గోడకు రెండు బోల్టులు కొట్టి, దాని మీద అంచు కూసోబెడితే ఐపాయె. కోస్తే మీ వెల్డు బలం కూడా తగ్గుతది, కోసిన అంచుకు చేతులు తెగుతయి, వేలాడదీసేందుకు మళ్లా పట్టీ వెల్డు చెయ్యాలె. ఆయన దగ్గర వెల్డింగు లేదని ముందే చెప్పిండు.

గ్రైండర్ బావ (జయపురం)

దోస్తు మాట ఒప్పుకుంటాను, 12 అంగుళాలదానికి. 15 అంగుళాల అంబాసిడర్ రిమ్ము తెచ్చి కొయ్యకుండా పెడితే గోడ మీంచి బక్కెట్టు పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. పైగా కోస్తే బరువు బాగా దిగుతుంది. వెల్డింగు లేనివాడు కొయ్యకపోవడమే మేలు, అది నిజం.

గోడ మేస్త్రి (కోరాపుట్)

కొయ్యని రిమ్ము వేలాడదియ్యడం గురించి లెక్కతో చెబుతా, భయం పోతుంది.

ముందు రిమ్మును తూకం వెయ్యి. ఊహ వద్దు, కిరాణా కొట్టు కాటా చాలు. అన్నీ బిగించాక 6 కిలోలు అనుకుందాం. బరువు కేంద్రం గోడ నుంచి 5 సెంటీమీటర్లు ముందుంటుంది. పైన బోల్టు దగ్గర పట్టు, కింద అంచు గోడకి ఆనిన చోటు, ఈ రెంటి మధ్య దూరం 30 సెంటీమీటర్లు. అంటే బోల్టును గోడలోంచి బయటికి లాగే బలం 6 × 5 ÷ 30, ఒక్క కిలో. మిగతాదంతా కిందకి దిగే బరువే. కాబట్టి పెరుక్కుని వచ్చేస్తుందన్న భయం లెక్కలో నిలవదు. నిజంగా ఊడేది ఎందుకంటే, బోల్టు ప్లాస్టరులోనే ఆగిపోయి ఇటుకదాకా వెళ్లకపోవడం వల్ల. లోపలి ప్లాస్టరు 12, 15 మిల్లీలుంటుంది. దానికి బలం లేదు. డ్రిల్లు చేస్తుంటే పొడి రంగు మారుతుంది చూడు, అక్కడి నుంచి ఇంకో 50 మిల్లీలు దిగాలి.

ఫ్లై యాష్ ఇటుకకి 10 మిల్లీల నైలాన్ ప్లగ్గు, దానికి తగ్గ స్క్రూ హుక్కు గానీ హెక్స్ స్క్రూ గానీ. ఈ ఇటుక సిమెంటులా కనిపిస్తుంది గానీ అంచులు పెళుసు. హామరు మోడ్ పెట్టి బాదితే రంధ్రం బావిలా వెడల్పౌతుంది. తిరుగుడు మీదే పెట్టి తొలువు, రెండు ఇటుకల మధ్య సిమెంటు గీతలో పడకుండా చూసుకో. ఎక్స్‌పాన్షన్ బోల్టు ఈ గోడకి వద్దు. బిగించేకొద్దీ లోపల ఇటుక చీలుతుంది.

రెండు బోల్టుల దూరం: రిమ్ము వెనక అంచు లోపలి వ్యాసార్ధం ఎంతో అంతే పెట్టు. 150 మిల్లీలుంటే రెండు బోల్టుల మధ్యా 150. అప్పుడు ఒక్కోటి నడినెత్తి నుంచి 30 డిగ్రీల పక్కకి వస్తుంది, చక్రం ఊయలలా ఊగదు. బోల్టు తల కింద 30 మిల్లీల వెడల్పాటి వాషరు వేసుకో, అంచు జారి ముందుకి రాకుండా అదే ఆపుతుంది. బోల్టు మీద సైకిలు ట్యూబు ముక్క తొడిగితే ఇనుమూ ఇనుమూ రాసుకోవు.

మంకడా రాయి (లాటరైటు) గోడలు మన కోరాపుట్, గంజాం వైపు పాత ఇళ్లల్లో చాలా ఉన్నాయి. ఆ రాయిలో సహజంగానే బొరియలుంటాయి, ప్లగ్గు ఒక్కోసారి గాలిలోనే తిరుగుతుంది. అక్కడ రంధ్రం ఊది శుభ్రం చేసి రసాయన యాంకరు (రంధ్రంలో గట్టిపడే జిగురు) పొయ్యడమే దారి. మట్టి గోడకి చక్రం వద్దే వద్దు, బల్ల మీద స్టాండు వేసి నిలబెట్టు. ఏ గోడైనా మంచం తలవైపు, ఉయ్యాల పైన మాత్రం పెట్టకు.

ముల్లు మాష్టారు (పర్లాకిమిడి)

ఇప్పటిదాకా అందరూ చక్రం గురించే చెప్పారు. గోడ మీద చక్రం నిలబడ్డం తేలిక. దాని మీద టైము నిలబడ్డం కష్టం. ఇలాంటి గడియారాల్లో ఆగిపోయేవన్నీ ముల్లు దగ్గరే ఆగుతాయి.

మెషిను కొలత: మామూలు క్వార్ట్జ్ మెషిను 56 మిల్లీల చదరం, 16 మిల్లీల మందం. మూల నుంచి మూలకి 79. రిమ్ము మధ్య రంధ్రం అంతకంటే చిన్నది కాబట్టి మెషిను అందులో దూరదు. వెనక నుంచి పెడితే గోడ వైపు చిక్కుకుంటుంది, సెల్లు మార్చాలంటే ఆరు కిలోలు దించాలి. కొత్తబండి అడిగింది సరిగ్గా అదే. రెండు దారులున్నాయి.

మొదటిది, నాకు నచ్చింది. నాలుగు బోల్టు రంధ్రాల్లో నాలుగు ఎం6 (6 మిల్లీల) బోల్టులు వెనక నుంచి ముందుకి దూర్చి, ఇటూ అటూ 25 మిల్లీల మడ్‌గార్డు వాషర్లు వేసి నట్లతో బిగించెయ్యండి. చక్రం బోల్టు రంధ్రం పెద్దది, పెద్ద వాషరు లేకపోతే ఎం6 తల లోపలికి పోతుంది. ఆ బోల్టుల మీద నట్టుతో కలిపి 20 మిల్లీల ఎత్తు వచ్చేలా పైపు బుష్షులు తొడిగి, పైన 3 మిల్లీల అక్రిలిక్ పళ్లెం, దాని మీద డోమ్ నట్లు (తల మూసి ఉండేవి). పళ్లెం వెనకే మెషిను ఉంటుంది, 20లో 16 అది తింటుంది, సెల్లు ఉబ్బుకి కొంచెం మిగులుతుంది. నాలుగు నట్లు విప్పితే గడియారమంతా చేతికొస్తుంది, చక్రం గోడ మీదే ఉంటుంది. డిస్కు మందం 3 అనుకుంటే బోల్టు పొడవు 35 చాలు. 40 వేస్తే డోమ్ నట్టు అడుగు తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది గానీ పళ్లెం కదులుతూ ఉంటుంది.

పళ్లెంలో నాలుగు రంధ్రాలు కొలవడం: ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే వృత్తం వ్యాసం. ఎదురుది అందకపోతే పక్కపక్క రంధ్రాల దూరాన్ని 1.414తో గుణించండి. పక్కపక్కన 80.8 వస్తే 114.3 వృత్తం, 70.7 వస్తే 100. అయిదు రంధ్రాల చక్రమైతే పక్కపక్క దూరం × 1.701. అక్రిలిక్‌ని నేరుగా 8 మిల్లీల బిట్టుతో తొలిస్తే బిట్టు పట్టేసి పగులుతుంది. 4, 6, 8 అని మూడు మెట్లలో, కింద చెక్క పెట్టి, నెమ్మదిగా.

రెండో దారి, మధ్య రంధ్రాన్ని 83 మిల్లీల హోల్‌సాతో (గుండ్రంగా కోసే రంపపు బిట్టు) పెద్దది చెయ్యడం. ఇక్కడ అందరూ చిక్కుకునే చోటు ఒకటుంది: హోల్‌సా మధ్య పైలట్ బిట్టుకి ఆనడానికి ఇనుము లేదు, అప్పటికే బెజ్జం ఉంది కదా. ముందు ఆ బెజ్జంలో గట్టిగా ఒక చెక్క బిరడా కొట్టి, కేంద్రం గుర్తు పెట్టి అప్పుడు తొలవాలి. లేకపోతే హోల్‌సా గంతులేస్తుంది, మణికట్టు తిరుగుతుంది.

బిగించే ముందు రిమ్ము అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి, డిస్కు దాకా లోతు కొలవండి. బుష్షు 20, పళ్లెం 3, నట్టూ ముళ్లూ కలిపి 12 దాకా, మొత్తం 35. లోతు అంతకంటే తక్కువుంటే ముళ్లు అంచుకంటే బయటికి వస్తాయి. అది తప్పేం కాదు, చీపురుకి తగలకుండా చూసుకోవాలి, అంతే.

గుణుపురం కొత్తబండి

మాష్టారూ, మెషిను కొనేటప్పుడు కొట్లో ఏమని అడగాలి? "షాఫ్టు ఎంత" అంటున్నారు. ముల్లు ఇనుప రేకుతో కోసుకోవచ్చా? ఆ చక్రానికి అదే అందం అనిపించింది.

ముల్లు మాష్టారు (పర్లాకిమిడి)

షాఫ్టు మొత్తం పొడవు ఒకటి, మరలున్న భాగం పొడవు ఇంకొకటి. మీకు కావలసింది రెండోది. పళ్లెం 3, రబ్బరు వాషరు 1, ఇత్తడి వాషరు అర, నట్టు రెండున్నర, కలిపి 7. మరల భాగం 7, 8 ఉండేది అడగండి. అంతకంటే పొడుగుంటే ముళ్లు పళ్లెం నుంచి మరీ దూరంగా తేలుతాయి. పొట్టిదైతే నట్టు సగం మరల మీదే ఆగుతుంది, ముల్లు సర్దినప్పుడల్లా మెషిను తిరిగిపోతుంది. గుజరాత్ మోర్బీలో తయారైన మెషిన్లు మన కొట్లల్లో దొరుకుతాయి, బరంపురంలో అయినా విజయనగరంలో అయినా. ఒక్కటి మాత్రం నొక్కి చెప్పండి: "హై టార్క్" (తిప్పే బలం ఎక్కువున్నది) కావాలని.

ఇక ఇనుప ముల్లు. వద్దు. లెక్క చూడండి. 140 మిల్లీల పొడవు, 10 వెడల్పు, 1 మిల్లీ మందం ఇనుప రేకు అంటే 11 గ్రాములు. బరువు మధ్యలో, కేంద్రానికి 7 సెంటీమీటర్ల దూరంలో పని చేస్తుంది. 11 × 7 = 77 గ్రాము-సెంటీమీటర్లు. అదే కొలతకి అర మిల్లీ అల్యూమినియం రేకు 1.9 గ్రాములు, 13 గ్రాము-సెంటీమీటర్లు. దాదాపు ఆరో వంతు. 2 మిల్లీల అక్రిలిక్ అయితే 3.3 గ్రాములు, 23. కొనవైపు సన్నం చేస్తే ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే కొనలో ఉన్న గ్రాము, మొదట్లో ఉన్న గ్రాము కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. ఇనుములా కనపడాలంటే అల్యూమినియానికే తుప్పు రంగు వెయ్యండి.

పెద్ద ముల్లు 12 నుంచి 6కి దిగేటప్పుడు దాని బరువే దానికి సాయం. 6 నుంచి 12కి ఎక్కేటప్పుడు మెషిను మోయాలి. 9 దగ్గర ముల్లు అడ్డంగా ఉంటుంది, అక్కడ భారం అన్నిటికంటే ఎక్కువ. అందుకే "మా గడియారం ముప్పావు దగ్గర ఆగిపోతోంది" అంటే సెల్లు మార్చే ముందు ముల్లు తూకం వెయ్యమంటాను. తోక పెడితే సరిపోతుంది. 13 గ్రాము-సెంటీమీటర్ల ముల్లుకి కేంద్రం వెనక 4 సెంటీమీటర్ల దూరంలో 3.3 గ్రాముల సోల్డరు ముక్క అతికిస్తే తుల్యం. కొత్త రేకుకి బెజ్జం మీరే చెయ్యకండి, అది ఎప్పుడూ వదులే. కిట్‌తో వచ్చిన పొట్టి ముల్లును 25 మిల్లీలు ఉంచి కోసి, దాని మీద మీ రేకు అతికించండి. ఫ్యాక్టరీ బుష్షు బిగి ఇంట్లో రాదు.

ధర్మాబాద్ దోస్తు

మాష్టారు చెప్పింది పక్కా. ఒకటి కలుపుత. సన్నని రేకు నిలువుగా మధ్యల కొంచెం మడత పెడితే, ఇంటి పైకప్పు లెక్క, వంగదు. సాదా రేకు పెడితే నెల తిరిగేసరికి కొన కిందికి వాలి పళ్లానికి తగుల్తది.

బోల్టులు మా దిక్కు ఇంకా సూత్ లెక్కనే అడుగుతరు. రెండు సూత్ అంటే పావు ఇంచు, మీ ఎం6 కాదు. నట్టు దానికి సగం ఎక్కి పట్టేస్తది. కలపకుండ్రి.

రంగుల అబ్బి (బరంపురం)

రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లో ఇదే అసలు సంగతి.

తుప్పు మీద వైరు బ్రష్షు తిప్పి మెరిసిపోయింది కదా అని ప్రైమరు కొట్టేస్తే ఆరు నెలల్లో రంగు కింద బుడగలొస్తాయి. సముద్రం పక్క తుప్పులో ఉప్పు దాగుంటుంది, బ్రష్షు దాన్ని తియ్యదు, అణిచిపెడుతుంది. ముందు కిరసనాయిలుతో గ్రీజు తియ్యి, సర్ఫు నీళ్లతో కడుగు, మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడుగు, వెంటనే ఎండలో ఆరబెట్టు. కిరసనాయిలు జిడ్డు మిగిలితే రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది. ఆఖర్న థిన్నరు తడి గుడ్డతో ఒకసారి తుడిచి, గుంటల్లో మిగిలిన నల్ల తుప్పుకి ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టరు పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు వదిలెయ్.

ఇనుపదానికి రెడాక్సైడ్ పల్చగా రెండు చేతులు. రాత్రంతా ఆరాక 320 వాటర్ పేపరుతో రుద్ది పై రంగు. సముద్రానికి దగ్గరైతే రెడాక్సైడ్ బదులు జింకు ఉన్న ఎపాక్సీ ప్రైమరు. అల్లాయ్ మీద రెడాక్సైడ్ పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. దానికి ఎచ్ ప్రైమరు (లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునేది) వేరే ఉంది.

కోరాపుట్, జయపురం వాళ్లకి: వానాకాలంలో, మంచు పట్టిన పొద్దున్నా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొట్టకండి. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి గాలిలో తేమను లాక్కుంటుంది, రంగు మీద పాల మీగడలా తెల్లటి పొర కడుతుంది. మధ్యాహ్నం పన్నెండూ మూడూ మధ్య కొట్టండి, లేదా రిటార్డరు (థిన్నరు నెమ్మదిగా ఆరేలా చేసేది) కలపండి.

పౌడర్ కోటింగ్ చేయించేవాళ్లు 180, 200 డిగ్రీల ఓవెనులో పెడతారు. రబ్బరు వాల్వు, పాత పుట్టీ ముందే తీసెయ్యాలి. పుట్టీ ఆ వేడికి పగులుతుంది.

గుజిరీ గురువు (రాయగడ)

అంకెల సంగతి ఎవరైనా అడుగుతారని చూస్తున్నా. నాలుగు రంధ్రాల చక్రానికి 12, 3, 6, 9 వాటికే కుదురుతాయని సంబరపడకు, పళ్లెం కప్పేస్తుంది. అయిదు రంధ్రాలదైతే 72 డిగ్రీల తేడా, పన్నెండుకి ఎటూ పొసగదు. రిమ్ము అంచునే భాగాలు చెయ్యాలి. పాత పేపరు పట్టీ అంచు చుట్టూ చుట్టి, కలిసిన చోట కోసి, సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, దాన్ని మూడు మడతలు వెయ్యి. పన్నెండు గీతలు వస్తాయి. సరిచూసుకోడానికి: 12 అంగుళాల రిమ్ము బయటి అంచు వ్యాసం 340 మిల్లీల దగ్గర ఉంటుంది, చుట్టూ 1068, ఒక్కో భాగం 89. వాల్వు రంధ్రం 6 దగ్గరకి వచ్చేలా తిప్పుకుంటే లైటు పెట్టేవాళ్లకి వైరు దారి దొరుకుతుంది.

గుణుపురం కొత్తబండి

తెలుగు అంకెలు పెడదామని ఉంది. ౧, ౨, ౩ అని. అక్రిలిక్‌లో లేజరు కటింగు చేయిస్తే?

రంగుల అబ్బి (బరంపురం)

బాగుంటుంది, ఒక జాగ్రత్త. ౧ కీ ౦ కీ తేడా ఆ చిన్న సందు ఒక్కటే. లావు రంగు కొడితే ఆ సందు మూసుకుపోయి ౧౦, ౧౧ రెండూ దూరం నుంచి జంట సున్నాల్లా కనిపిస్తాయి. అంకె ఎత్తు 35 మిల్లీలకి తగ్గనివ్వకు, రంగు అక్రిలిక్కే కొను, పైన పెయింటు వద్దు. ఫోము టేపుతో అంటించకు, మే నెల వేడికి ఒక్కోటీ జారి కిందకొస్తుంది. వెనక గరుకు చేసి అరల్డైట్, అంకె కింద రిమ్ము మీద రంగు కూడా గరుకు చెయ్యి, లేకపోతే జిగురు రంగుని పట్టుకుని రంగుతో సహా ఊడొస్తుంది.

గ్రైండర్ బావ (జయపురం)

పన్నెండు పాత స్పార్క్ ప్లగ్గులు పెట్టేవాళ్లున్నారు. చూడ్డానికి బాగుంటాయి గానీ అర కిలో పెరుగుతుంది, దుమ్ము తుడవడం నరకం. ఏటి అవసరం?

ముల్లు మాష్టారు (పర్లాకిమిడి)

బిగించేటప్పుడు వరస: మెషిను నట్టు చేత్తో బిగించి పావు తిప్పు మాత్రం పట్టకారుతో. అంతకు మించితే లోపలి గొట్టం నొక్కుకుని ముళ్లు పట్టేస్తాయి. మూడు ముళ్లూ 12 మీదే పెట్టండి: గంటల ముల్లు, నిమిషాలది, ఆఖర్న సెకన్లది. ముళ్ల మధ్య రెండేసి మిల్లీలు ఖాళీ ఉండాలి, పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. టైము ఎప్పుడూ మెషిను వెనకున్న చిన్న చక్రంతోనే మార్చాలి, ముల్లు పట్టుకుని నెట్టకూడదు.

చక్రానికి బిగించే ముందు పళ్లెం ఒక్కటీ గోడకి నిలువుగా ఆనించి మూడు రోజులు నడవనివ్వండి. పెద్ద ముల్లు ముప్పావు దాటడం 72 సార్లు పరీక్షించినట్టు. పడుకోబెట్టి నడిపితే ఏ చెత్త ముల్లైనా నడుస్తుంది, అది పరీక్ష కాదు.

గుణుపురం కొత్తబండి

పళ్లెం నడిచింది, మూడు రోజులూ. చక్రానికి బిగించాక రెండు ఇబ్బందులు. టిక్కు టిక్కు చప్పుడు పక్క గదికి వినిపిస్తోంది. నిమిషాల ముల్లు 12 దాటగానే ఒక్కసారి రెండు నిమిషాలు ముందుకి జారుతోంది, మిగతా చోట్ల బాగానే ఉంది.

ముల్లు మాష్టారు (పర్లాకిమిడి)

జారడం: పళ్ల మధ్య సహజంగా ఉండే వదులు. ముల్లు ఎక్కేటప్పుడు పన్ను ఒకవైపు ఆని ఉంటుంది, 12 దాటాక బరువు అటువైపు పడి రెండోవైపుకి వాలుతుంది. రెండు నిమిషాలంటే మాత్రం ఎక్కువే, ముల్లు ఇంకా కొనవైపు బరువుగా ఉందన్న మాట. తోకకి అర గ్రాము చొప్పున పెంచుతూ చూడండి. షాఫ్టు మీద బుష్షు వదులైతే మాత్రం ముల్లు 12 నుంచి నేరుగా 6కి పడిపోతుంది, దానికి కొత్త ముల్లు తప్ప మందు లేదు.

చప్పుడు మెషినుది కాదు, రిమ్ము మధ్య డిస్కుది. ఆ ఇనుప రేకు తప్పెటలా మోగుతుంది. నాలుగు బుష్షుల కిందా పైనా రబ్బరు వాషర్లు వెయ్యండి, మెషినుకీ అక్రిలిక్‌కీ మధ్య కిట్‌లో వచ్చిన రబ్బరు పారెయ్యకుండా పెట్టండి. రిమ్ము వెనక గాడిలో ఫోము పట్టీ అంటిస్తే మిగతాది పోతుంది. అయినా వద్దనుకుంటే స్వీప్ మెషిను ఉంది, సెకను ముల్లు ఆగకుండా జారుతూ పోతుంది, చప్పుడుండదు. సెల్లు మాత్రం త్వరగా తింటుంది.

పళ్లెం నిలబెట్టడానికి బోల్టుల బదులు స్పీకరు అయస్కాంతాలు వాడాలని ఎవరికైనా ఆలోచన వస్తే మానుకోండి. మెషినులో మోటారు నడిచేదే చిన్న అయస్కాంతంతో, పక్కన పెద్దది ఉంటే అది బిగుసుకుపోతుంది.

ధర్మాబాద్ దోస్తు

సెల్లు ఏది మంచిదన్నా? చార్జింగు సెల్లు నడుస్తదా?

ముల్లు మాష్టారు (పర్లాకిమిడి)

చార్జింగుది 1.2 వోల్టులు, మెషినుకి 1.5 కావాలి. తేలిక ముల్లుకి నడుస్తుంది, ఇలాంటి పొడుగు ముల్లుకి 9 దగ్గర తడబడుతుంది. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు వేసి, ఏడాదికొకసారి తేదీ రాసుకుని, అయిపోకపోయినా మార్చెయ్యండి. పూర్తిగా అయిపోయిన సెల్లు లోపలే ఉండిపోతే కారి స్ప్రింగుని తినేస్తుంది. చలికాలం పొద్దున్నే కోరాపుట్ కొండల్లో సగం అయిపోయిన సెల్లు ఇంకా నీరసిస్తుంది, ఎండెక్కాక మళ్లీ నడుస్తుంది. దాన్ని చూసి మెషిను పోయిందనుకుని కొత్తది కొనకండి.

గోడ మేస్త్రి (కోరాపుట్)

కొత్తబండీ, వేలాడదీసి వారమైతే ఒకసారి చక్రం దించి ప్లగ్గు చుట్టూ చూడు. ప్లాస్టరు మీద వెంట్రుకవాసి పగులు వచ్చిందంటే ప్లగ్గు ప్లాస్టరులోనే ఉందన్న మాట. అదే రంధ్రం ఇంకా లోతు చెయ్యకు, 60 మిల్లీలు పక్కకి జరిగి కొత్తది తొలువు.

గుణుపురం కొత్తబండి

చూశాను మేస్త్రీ, పగులు లేదు. తోకకి ఒక గ్రాము పెంచితే జారడం అర నిమిషానికి దిగింది. రబ్బరు వాషర్లు వేశాక చప్పుడు హాలు దాటడం లేదు. అల్లాయ్‌ది ఎచ్ ప్రైమరు దొరికాక మొదలుపెడతాను.